పిల్లలలో ఆకస్మిక పక్షవాతం

అంతవరకు ఆరోగ్యంగా ఉన్న పిల్లల కాళ్ళుచేతులు కొద్ది గంటలలో గాని, కొద్ది రోజులలో గాని బలహీనపడి, కండరాలు పట్టు తప్పి మెత్తబడడాన్ని వైద్య పరిభాషలో అక్యూట్ ఫ్లాసిడ్ పెరాలసిస్ (ఎ.ఎఫ్.పి.) అంటారు. ఇది ఒక వ్యాధి కాదు, అనేక వ్యాధులలో కనిపించే లక్షణం. కారణాన్ని బట్టి చికిత్స మారుతుంది.

== కారణాలు ==
* '''గిలాన్-బారీ సిండ్రోమ్''': రోగనిరోధక వ్యవస్థ సొంత నాడులపైనే దాడి చేయడం వలన కలుగుతుంది. సాధారణంగా విరేచనాలో, జలుబో వచ్చిన కొద్ది వారాలకు మొదలై, రెండు కాళ్ళ నుండి పైకి పాకుతుంది. 1916లో గిలాన్, బారీ, స్ట్రోల్ అనే ఫ్రెంచి వైద్యులు దీనిని వర్ణించారు. 2025 ఆరంభంలో పుణెలో ప్రబలింది.
* '''పోలియో''': జ్వరంతో పాటు ఎక్కువగా ఒక కాలు చచ్చుబడుతుంది. స్పర్శజ్ఞానం పోదు.
* '''ట్రాన్స్‌వర్స్ మైలైటిస్''': వెన్నుపాము వాపు. స్పర్శ తగ్గుతుంది, మూత్రం ఆగిపోవచ్చు.
* '''సూదిమందు వలన గాయం''': పిరుదుకు ఇచ్చిన ఇంజెక్షన్ సయాటిక్ నాడికి తగిలితే ఆ కాలు మాత్రమే బలహీనపడుతుంది.
* '''కట్లపాము కాటు''': నేలపై నిద్రించిన బిడ్డకు తెల్లవారేసరికి కనురెప్పలు వాలిపోతాయి, మింగడం కష్టమవుతుంది. కాటు గుర్తు కనిపించకపోవచ్చు.

== వ్యాధి నిర్ధారణ ==
వైద్యుడు మోకాలి వద్ద సుత్తితో తట్టి ప్రతిచర్యలను పరీక్షిస్తాడు. గిలాన్-బారీలో ఇవి తగ్గుతాయి లేదా పూర్తిగా పోతాయి. వెన్ను నీటిలో కణాలు పెరగకుండా మాంసకృత్తులు మాత్రం పెరుగుతాయి. అయితే మొదటి వారంలో ఈ మార్పు కనిపించకపోవచ్చు. నాడీ ప్రసరణ పరీక్ష, ఎం.ఆర్.ఐ. కూడా తోడ్పడతాయి.

== చికిత్స ==
అసలు ప్రమాదం శ్వాస కండరాలు చచ్చుబడడం. గొంతు బలహీనపడడం, మింగలేకపోవడం, ఆయాసం దీనికి ముందస్తు సూచనలు. కనుక ఇచ్చోడ వంటి మండల కేంద్రాలలో ఈ లక్షణాలు కనిపిస్తే ఆలస్యం చేయక, 108 వాహనంలో ఆదిలాబాదు రిమ్స్ వంటి పెద్ద ఆసుపత్రికి తరలించాలి. నడవలేని గిలాన్-బారీ రోగికి కిలో బరువుకు మొత్తం 2 గ్రాముల ఇమ్యునోగ్లోబ్యులిన్‌ను 2 నుండి 5 రోజులలో నరం ద్వారా ఎక్కిస్తారు. ప్లాస్మా మార్పిడి మరొక మార్గం. ఈ వ్యాధిలో స్టెరాయిడ్ల వలన ప్రయోజనం లేదు. తగిన చికిత్స, వ్యాయామాలతో చాలామంది పిల్లలు కోలుకుంటారు. పాము కాటుకు విషవిరుగుడు మందు అవసరం.

== పోలియో నిఘా ==
భారతదేశంలో చివరి సహజ పోలియో కేసు 2011 జనవరిలో హౌరాలో నమోదైంది. అయినా నిఘా ఆగలేదు. 2016లో హైదరాబాదు మురుగునీటిలో టీకా నుండి రూపాంతరం చెందిన వైరస్ బయటపడింది. అందుచేత 15 ఏళ్ళలోపు పిల్లలకు ఇటువంటి పక్షవాతం వస్తే, కారణం ఏదని తోచినా ఆరోగ్య శాఖకు తెలియజేయాలి. పక్షవాతం మొదలైన 14 రోజులలోపు, కనీసం 24 గంటల తేడాతో, రెండు మల నమూనాలు సేకరించి చల్లదనం చెడకుండా ప్రయోగశాలకు పంపుతారు.