ఏ దారిన పోవాలి?

పిల్లలూ! ఈ రాత్రి మీ ఊరికి వరద రాబోతున్నదని కబురు వచ్చిందనుకోండి. ఇల్లు వదిలి మీరు ఏ దారిన పోతారు?

ఉట్నూరు పక్కన ఒక చిన్న ఊరి బడిలో నేను ఒకసారి ఈ ప్రశ్న అడిగాను. "బస్సు పోయే రోడ్డు మీద, సార్!" అని అందరూ ఒక్క గొంతుతో అన్నారు. చివరి వరుసలోని ఒక అమ్మాయి మాత్రం లేచి, "ఆ రోడ్డు వాగు దాటి పోతుంది కద సార్! పెద్ద వాన పడితే వంతెన మునుగుతది. అప్పుడెట్ల పోవాలె?" అన్నది. తరగతిలో ఎవరూ మాట్లాడలేదు. ఆ అమ్మాయి ప్రశ్నకు జవాబేమిటో ఇప్పుడు చూద్దాం.

ఇది ఊరికే భయపెట్టటానికి చెప్పే మాట కాదు. ఆదిలాబాదు గుట్టల మీద పడిన వాన వాగులై దిగి కడెం నదిలో కలుస్తుంది. మీలో కొందరు చూచిన కుంటాల జలపాతం ఈ నది మీదిదే. ఈ నదికి కట్టిన కడెం ప్రాజెక్టు ఇప్పుడు నిర్మల్ జిల్లాలో ఉన్నది. 1958లో వరద నీరు ఆనకట్ట పైనుంచి పొర్లి, కట్టకు పెద్ద గండి పడింది. తరువాత దానిని బాగుచేశారు. 2022 జూలైలో మళ్ళీ అటువంటి వరద వచ్చింది. సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు పారితే ఒక క్యూసెక్కు అంటారు. ఆనాడు ప్రాజెక్టులోకి వచ్చిన నీరు 5 లక్షల క్యూసెక్కులు దాటింది. గేట్లన్నీ ఎత్తినా కిందికి వదలగలిగినది సుమారు 3 లక్షలే! పైగా 18 గేట్లలో ఒకటి తెరుచుకోలేదు. నీరు గేట్ల పైనుంచి దూకింది. అధికారులు దిగువ ఊళ్ల జనాన్ని ఇళ్లు ఖాళీ చేయించి ఎత్తయిన చోట్లకు పంపించారు. అదృష్టవశాత్తు ఈసారి ఆనకట్ట నిలిచింది.

అటువంటి వేళ ప్రాణాలు కాపాడేది కాలం. అది ఎట్లా ఖర్చవుతుందో ఒక లెక్క వేసి చూద్దాం. పలకా బలపం తీసుకోండి.

ఒక ఊళ్లో 600 మంది ఉన్నారు. గంటన్నరలో నీరు వస్తుందని తెలిసింది. ఇంటింటికీ కబురు చేరటానికి 30 నిమిషాలు. మూటలు కట్టుకోవటానికి 30 నిమిషాలు. గుట్ట కిందికి నడవటానికి 20 నిమిషాలు. గుట్ట ఎక్కే బాట ఇరుకు. నిమిషానికి 15 మందే పోగలరు. కనుక అందరూ ఎక్కటానికి 40 నిమిషాలు. మొత్తం 120 నిమిషాలు! నీరు వచ్చేది 90 నిమిషాలకు కదా? అప్పటికి గుట్ట ఎక్కినవారు 150 మందే. తక్కిన 450 మంది కిందనే ఉంటారు.

ఇప్పుడు లెక్క మార్చుదాం. డప్పు మోగగానే వీధికొకరు కబురు చెప్పేటట్టు ముందే ఏర్పాటున్నది: 10 నిమిషాలు. మూటలు ముందే సిద్ధం: 10 నిమిషాలు. నడక అదే 20. గుట్టకు రెండో బాట తీశారు, సగం మంది అటు పోతారు: 20. మొత్తం 60 నిమిషాలు. అందరూ బతికారు, ఇంకా అరగంట మిగిలింది!

చూచారా? ఎవరూ పరుగెత్తలేదు. ముందుగా ఆలోచించారు, అంతే.

మరి మంచి దారి ఏది? దగ్గరి దారి అన్నిసార్లూ మంచిది కాదు. వాగు దాటకుండా ఎత్తుకు పోయే దారి మంచిది. మోకాలి లోతు నీరే అయినా వేగంగా పారితే పెద్దవాణ్ణి సైతం పడదోస్తుంది. రెండడుగుల నీరు మోటారుకారును తేల్చుకుపోగలదు. నది వెంట పోయే బాట పనికిరాదు. నదికి దూరంగా పోయే బాట కావాలి. ఒకటి మూసుకుపోతే ఇంకొకటి ఉండాలి గనుక, దారులు రెండు చూచుకోవాలి. నడవలేని అవ్వను, చూపులేని తాతను, పసిబిడ్డల తల్లిని ఎవరు తోడుకొని పోవాలో పేరుపేరునా అనుకోవాలి.

మా బడి పిల్లలు ఏం చేశారో చెబుతాను. ఊరి పటం గీశారు. వాగుకు నీలం, ఎత్తు నేలకు ఎరుపు రంగు వేశారు. గుట్టకు ఒక బండ్ల బాట కనిపించింది. ఒక ఆదివారం అందరం ఆ బాట వెంట నడిచాం. పటంలో కనిపించని సంగతులు రెండు అక్కడ తెలిశాయి. ఒక చోట చేనికి ముళ్లకంచె వేసి బాట మూసి ఉన్నది. పిల్లలు ఒక్కరే 15 నిమిషాలలో చేరిన గుట్టకు, ఒక అవ్వ చెయ్యి పట్టుకొని నడిస్తే 35 నిమిషాలు పట్టింది! చేను గల రైతు సంగతి విని, మరునాడే కంచెలో బండి పట్టేంత సందు విడిచాడు. అవ్వను బండి మీద తీసుకుపోతామని ఆ పక్కింటివారు ఒప్పుకున్నారు.

మీరూ ఈ పని చేయండి. మృగశిర కార్తె రాకముందే అమ్మానాన్నలతో కూర్చొని మీ ఊరి పటం గీయండి. గీసిన దారిని ఒకసారి నడిచి చూడండి. చీకట్లో, వానలో వెదికితే దారి దొరకదు. ఎండ ఉండగానే చూచిపెట్టుకోవాలి.