వార్తల్లో పదం: సెరటోనిన్ వాహక జన్యువు

నాడీకణాల మధ్య సందులోకి విడుదలైన సెరటోనిన్ అనే రసాయనాన్ని తిరిగి కణంలోకి చేరవేసే ప్రోటీనే సెరటోనిన్ వాహకం. కుంగుబాటుకు వైద్యులు రాసే ఫ్లూఆక్సెటిన్ వంటి మందులు అడ్డుకునేది దీనినే. 17వ క్రోమోజోముపై ఉండే దీని జన్యువు ఎస్‌ఎల్‌సీ6ఏ4 ముందుభాగంలో కొందరికి 44 అక్షరాల డీఎన్‌ఏ ముక్క తక్కువగా ఉంటుందనీ, ఆ పొట్టి రూపం వల్ల వాహకం తక్కువగా తయారవుతుందనీ 1996లో వెల్లడైంది. న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో 847 మందిని పరిశీలించిన పరిశోధకుడు కాస్పీ బృందం, పొట్టి రూపం ఉన్నవారు కష్టాలు మీదపడినప్పుడు ఎక్కువగా కుంగిపోతారని 2003లో ప్రకటించడంతో ‘కుంగుబాటు జన్యువు’ అన్న తొందరపాటు పేరు ప్రచారంలోకి వచ్చింది. అయితే 2009లో 14 అధ్యయనాలను కలిపి లెక్కించినప్పుడు ఆ సంబంధం నిలవలేదు. 2019లో లక్షలాది మంది సమాచారాన్ని జల్లెడపట్టినా, దీనితో సహా పేరుమోసిన 18 జన్యువులకు తక్కిన జన్యువులకంటే ప్రత్యేకత ఏదీ కనిపించలేదు.

తమిళనాడులోని కడంబూరు తెలుగు ఇళ్లలోనైనా కడపలోనైనా పెళ్లి సంబంధం చూసేటప్పుడు వినిపించే ‘వాళ్ల వంశంలోనే ఉంది’ అన్న మాట పూర్తిగా అబద్ధమేమీ కాదు: మనిషికీ మనిషికీ మధ్య కుంగుబాటు విషయంలో కనిపించే తేడాలో సుమారు 37 శాతం వంశపారంపర్యమని కవలల అధ్యయనాలు అంచనా వేశాయి, కాకపోతే ఆ వాటా ఒక్క జన్యువుది కాదు, ఒక్కొక్కటీ రవ్వంత ప్రభావం చూపే అనేకానేక జన్యుభేదాలది.