చూసేవారి వయసు, ఆడేవారి వయసు

డబ్బిచ్చి నాట్యం చూసే చోట ప్రేక్షకుడి వయసును బట్టి ఇష్టం మారుతుంది. పాతికేళ్ల కుర్రవాడు, నలభై అయిదేళ్ల సంసారి, అరవై దాటిన పెద్దాయన ఒకే వేదిక ముందు కూర్చున్నా ముగ్గురి చూపూ ఒకచోట ఆగదు. వయసుతో పనిలేకుండా మగవాళ్లందరూ పడుచు నర్తకినే కోరుకుంటారని లోకంలో గట్టి నమ్మకం ఉంది. అది సగమే నిజం. వయసు పైబడేకొద్దీ పాట మీదికి, అభినయం మీదికి, నాలుగు మంచి మాటల మీదికి మనసు మళ్లుతుంది. అయినా నర్తకిని ఎంచుకునే నిర్వాహకులు మాత్రం అందరి తరఫునా ఒకే కొలత పెట్టి, ముప్పై దాటిన మనిషిని పక్కకు తప్పిస్తారు. ఆ తేడాకు మూల్యం చెల్లించేది నర్తకే.

పాశ్చాత్య దేశాల్లో ఉన్నటువంటి స్ట్రిప్ క్లబ్బులు హిందూపురం, ధర్మవరంలోనే కాదు, మన దేశంలో ఎక్కడా చట్టబద్ధంగా నడవవు. బహిరంగంగా అశ్లీలంగా ప్రవర్తించడం పాత శిక్షాస్మృతి 294వ సెక్షన్ కింద నేరంగా ఉండేది. 2024 జులై నుంచి అదే నేరం భారతీయ న్యాయ సంహిత 296వ సెక్షన్ కిందికి వచ్చింది. అయితే డబ్బిచ్చి ఆట చూడటం ఈ రాయలసీమకు కొత్తేమీ కాదు. విజయనగర రాజుల కాలపు నాట్యశాలలు, పెళ్లిళ్లలో భోగం మేళాలు, జాతరల్లో నాటకాలు, వాటి మధ్యలో రికార్డింగ్ డాన్సులు, హిందూపురానికి వంద కిలోమీటర్ల దూరంలోని బెంగళూరులో క్యాబరేలు, లైవ్ బ్యాండ్ బార్లు అన్నీ ఆ కోవలోవే. వీటిలో గౌరవం ఒక్కో చోట ఒక్కోలా ఉంది. చూసేవాడి వయసు ప్రశ్న మాత్రం అన్నింటిలోనూ ఉంది.

మగవాళ్ల వయసుకూ వాళ్ల ఇష్టాలకూ ఉన్న సంబంధాన్ని మనస్తత్వ శాస్త్రవేత్తలు ఎక్కువగా పెళ్లి సంబంధాల వైపు నుంచి పరిశీలించారు. డగ్లస్ కెన్రిక్, రిచర్డ్ కీఫ్ 1992లో ప్రచురించిన అధ్యయనం ఇందులో బాగా పేరున్నది. అమెరికా, జర్మనీ, నెదర్లాండ్స్ పత్రికల ప్రకటనలతో పాటు మన దేశపు పెళ్లి ప్రకటనలను కూడా వాళ్లు లెక్కలోకి తీసుకున్నారు. ఇరవైల్లో ఉన్న మగవాళ్లు దాదాపు తమ ఈడువాళ్లనే కోరుకున్నారు, తమకన్నా కాస్త పెద్దవాళ్లయినా అభ్యంతరం లేదన్నారు. వయసు పెరిగేకొద్దీ కోరుకునే తేడా పెరుగుతూ పోయింది. యాభై, అరవై దాటినవాళ్లు తమకన్నా పది పదిహేనేళ్లు చిన్నవాళ్లు కావాలన్నారు. దీన్ని చూసి ముసలివాళ్లకు పడుచుపిల్లలే కావాలని తేల్చేయడం తొందరపాటే అవుతుంది. అరవై ఏళ్ల మనిషి తనకన్నా పదిహేనేళ్లు చిన్న అంటే నలభై అయిదేళ్ల స్త్రీ అన్నమాట. ఫిన్లాండులో పన్నెండు వేల మందికి పైగా పెద్దలను ప్రశ్నించి యాన్ ఆంట్‌ఫోక్ బృందం 2015లో ప్రకటించిన ఫలితాలు ఈ విషయాన్ని ఇంకొంచెం విడమరిచాయి. పడుచువాళ్ల మీద ఆసక్తి పెద్దవయసు మగవాళ్లలోనూ పోదు. కానీ తమ ఈడు స్త్రీల మీద కూడా ఆసక్తి పుడుతుంది. అంటే వయసుతో పాటు ఇష్టం పైకి కూడా విస్తరిస్తుంది.

ప్రకటనలోనో ప్రశ్నపత్రంలోనో చెప్పేది ఒకటి, జేబులోంచి డబ్బు తీసేటప్పుడు చేసేది మరొకటి. ఆ రెండో సంగతి క్లబ్బుల లోపల కూర్చుని చూస్తేనే తెలుస్తుంది. మానవశాస్త్ర పరిశోధకురాలు కేథరిన్ ఫ్రాంక్ అమెరికా ఆగ్నేయ ప్రాంతంలోని ఒక నగరంలో అయిదు స్ట్రిప్ క్లబ్బుల్లో తానే నర్తకిగా పనిచేసి, మళ్లీ మళ్లీ వచ్చే మగవాళ్లతో విడిగా మాట్లాడి 2002లో పుస్తకం వెలువరించింది. అలా అలవాటుగా వచ్చేవాళ్లలో నడివయసు ఉద్యోగస్తులు చాలామంది. వాళ్లు చెప్పిన కారణాల్లో అందం కన్నా విశ్రాంతి ఎక్కువగా వినిపించింది. ఇంట్లో, ఆఫీసులో ఎవరో ఒకరు తమను తూకం వేస్తూనే ఉంటారని, ఇక్కడ ఆ బరువు ఉండదని, ఒక స్త్రీ తమ మాట శ్రద్ధగా వింటే చాలని చెప్పారు. ఆమె డబ్బు కోసమే వింటోందని వాళ్లకు తెలియక కాదు. తెలిసీ ఆ కాసేపు నిజమనుకోవడానికి సిద్ధపడే వస్తారు.

కుర్రవాళ్ల తీరు వేరు. వాళ్లు గుంపుగా వస్తారు. స్నేహితుడి పెళ్లికి ముందు సరదా కోసమో, పుట్టినరోజుకో వస్తారు కాబట్టి చూపు నర్తకి మీద ఎంత ఉంటుందో పక్కనున్న స్నేహితుల మీదా అంతే ఉంటుంది. ఎవడు ధైర్యం చేశాడు, ఎవడు సిగ్గుపడ్డాడు అన్నదే వాళ్లకు వినోదం. అలాంటి గుంపు ముందు వేగంగా ఆడగల నర్తకి నెగ్గుకొస్తుంది. ఒంటరిగా వచ్చిన యాభై ఏళ్ల మనిషి ముందు కూర్చుని గంటసేపు మాట నడపడానికి మాత్రం అనుభవం కావాలి, అది వయసుతోనే వస్తుంది. తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో స్థిరపడిన అట్లాంటాలో క్లెర్మాంట్ లౌంజ్ అనే పాత క్లబ్బు 1965 నుంచి ఉంది. పడుచు నర్తకులున్న క్లబ్బులు ఆ నగరంలో ఎన్నో ఉన్నా, నడివయసు దాటిన నర్తకులే దీనికి పేరు తెచ్చారు. ఒక వయసు తర్వాత చూసేవాళ్లుండరన్న వ్యాపారుల లెక్కను అది ఒక్కటే తప్పని నిరూపించకపోయినా, గట్టిగా ప్రశ్నించింది.

మన జాతరల్లో ఈ సంగతి మరింత స్పష్టంగా కనిపిస్తుంది. హిందూపురం, మడకశిర, పెనుకొండ చుట్టుపక్కల పల్లెల్లో, అటు కర్ణాటక సరిహద్దు దాటినా, ఊరి జాతరకో పండగకో పౌరాణిక నాటకం ఆడించడం పాత అలవాటు. మగ వేషాలు ఊరివాళ్లే వేస్తారు. హార్మోనియం మాస్టారు దగ్గర నెలల తరబడి పద్యాలు నేర్చుకుంటారు. ద్రౌపదికో సత్యభామకో చంద్రమతికో మాత్రం పట్నం నుంచి స్త్రీ పాత్రధారిణులను రాత్రికింత అని మాట్లాడుకుని పిలిపిస్తారు. సీనుకూ సీనుకూ మధ్య పరదా పడినప్పుడు సినిమా పాటకు ఆట కట్టించడం చాలాచోట్ల ఉంది.

ముందు వరసలో చాపల మీద, తెచ్చుకున్న దుప్పట్ల మీద పెద్దవాళ్లు కూర్చుంటారు. ఆడవాళ్లు ఒక పక్కగా సర్దుకుంటారు. కుర్రవాళ్లు వెనక నిలబడతారు, కొందరు ట్రాక్టరు ట్రాలీ ఎక్కుతారు. ద్రౌపది పద్యం అందుకుని రాగం తీస్తే ముందు వరస నుంచి ‘వన్స్ మోర్’ వినిపిస్తుంది. ఆ పాత్రధారిణికి నలభై ఉన్నా యాభై ఉన్నా ఆ పెద్దలకు పట్టదు. గొంతు పలికిందా, రాగం నిలిచిందా అన్నదే చూస్తారు. చీటీ మీద పేరు రాసి, నోటుతో కలిపి వేదిక మీదికి పంపుతారు. ఫలానా ఊరి ఫలానావారు ద్రౌపదీ పాత్రధారిణికి ఇంత చదివించారని మైకులో చదువుతారు. అర్ధరాత్రి దాటి సినిమా పాట మొదలైతే ఈలలు వెనక నుంచి లేస్తాయి. ఇప్పుడు అడిగేది పద్యం కాదు, ఈ ఏడాది వచ్చిన పాట. ఆడేది పడుచుపిల్ల అయితేనే అక్కడ కేక. చదివింపుల చీటీలు వరసగా పెట్టి చూస్తే, ఏ వయసువాళ్లు దేనికి డబ్బిచ్చారో పరిశోధన అక్కర్లేకుండానే తెలిసిపోతుంది.

ఏ పాట కోరుతున్నాడో విని కూడా మనిషి వయసు చెప్పవచ్చు. మోరిస్ హోల్‌బ్రూక్, రాబర్ట్ షిండ్లర్ 1989లో ప్రచురించిన పరిశీలనలో, మనుషులకు జీవితాంతం ఎక్కువగా నచ్చేవి సగటున ఇరవైమూడు, ఇరవైనాలుగేళ్ల వయసులో విన్న పాటలేనని తేలింది. ఈ లెక్క మన సినిమాకు చక్కగా సరిపోతుంది. ఇప్పుడు అరవై అయిదు దాటినవారి పడుచుతనం జ్యోతిలక్ష్మి, జయమాలిని, సిల్క్ స్మిత తెరను ఏలిన కాలం. ఇప్పుడు నలభై దాటినవారికి ఆ వయసులో 2006లో వచ్చిన పోకిరి, అందులో ముమైత్ ఖాన్ ఆట గుర్తుంటాయి. పెద్దాయన జయమాలిని పాటకు ఆట కావాలన్నప్పుడు ఎదురుగా ఆడుతున్న పిల్ల వయసు మీద ఆయన ధ్యాస అంతగా ఉండదు. ఆ నడకలు, ఆ చేతుల విరుపు ఆ కాలానివిలా ఉండాలి. వాటిని సరిగా పట్టుకునేది చాలాసార్లు ఆ పాటల మధ్య పెరిగిన పెద్ద నర్తకే.

ఈ ఇష్టానికి మన దగ్గర పాత పునాది ఉంది. విజయనగరాన్ని 1520 ప్రాంతంలో చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, రాజభవనంలో స్త్రీలు నాట్యం నేర్చుకునే మందిరాన్ని వర్ణించాడు. ఒక్కో ఆట ఏ భంగిమతో ముగియాలో మరిచిపోకుండా అక్కడ శిల్పాలు చెక్కించారని రాశాడు. నర్తకుల్లో భూములు, పల్లకీలు, దాసీలు ఉన్నవారున్నారని, ఒకామె ఆస్తి లక్ష పర్దావులనే బంగారు నాణేలని చెప్పుకునేవారని కూడా రాశాడు. ఆస్తి చేతిలో ఉన్న నర్తకి యవ్వనం పోయినా వీధిన పడదు. 1565 యుద్ధంలో విజయనగరం ఓడిన తర్వాత ఆ రాజ్యానికి పెనుకొండే రాజధాని అయింది. హిందూపురానికి దగ్గర్లోని లేపాక్షి నాట్యమండపంలో ఆ కాలపు ఆదర్శం రాతిలో నిలిచి ఉంది. రంభ ఆడుతుంటే బ్రహ్మ మద్దెల వాయిస్తాడు, తుంబురుడు వీణ పడతాడు, మూడు కాళ్ల భృంగి నాట్యాచార్యుడు. ఆడే యవ్వనాన్నీ నేర్పే పెద్దరికాన్నీ ఆ శిల్పులు ఒకే మండపంలో నిలబెట్టారు.

గోదావరి ప్రాంతపు కళావంతుల మేళాల్లో పని పంపకం కూడా ఇలాగే ఉండేది. పడుచువాళ్లు ఆడేవారు, వెనక నిలిచి పాడే బాధ్యత పెద్దవాళ్లది. అయితే రసికుల కచేరీలో క్షేత్రయ్య పదానికి కూర్చునే అభినయం పట్టడంలో పెద్దవాళ్లదే పైచేయి. ఒక్క పాదాన్ని పదిరకాలుగా చూపించడానికి కాలి చురుకు అక్కర్లేదు, కళ్లలో బతుకు కనిపించాలి. ఆ కచేరీలు మెచ్చిన పెద్దమనుషులు నర్తకి వయసును లోపంగా చూడలేదు. తెలుగు పదాలకు పేరు మోసిన తంజావూరు సంప్రదాయపు నర్తకి బాలసరస్వతి 1963లో ఎడిన్‌బరో ఉత్సవంలో ఆడేనాటికి ఆమెకు నలభై అయిదేళ్లు. ప్రపంచం ఆమెను గుర్తించింది ఆ వయసులోనే.

ఈ చరిత్రకు చీకటి పార్శ్వమూ ఉంది, దాన్ని దాచకూడదు. అనంతపురం, బళ్లారి, కర్నూలు ప్రాంతాల్లో బసివి పేరుతో ఆడపిల్లలను ఊహ తెలియని వయసులోనే దేవుడికి విడిచేవారు. అక్కడ ఎవరి ఇష్టానికీ చోటు లేదు, అది పిల్లల మీద జరిగిన నేరం. మద్రాసు రాష్ట్రం 1947లో, ఆంధ్రప్రదేశ్ 1988లో దీన్ని నిషేధిస్తూ చట్టాలు చేశాయి. పడుచుతనానికే ధర కట్టే ఏ వ్యాపారమైనా తప్పుడు వయసు చెప్పి పిల్లలను లాక్కొచ్చే ప్రమాదం ఉంటుంది. పద్దెనిమిది నిండనివారిని ఇలాంటి ఏ వేదిక మీదికి తెచ్చినా అది నేరమేనన్న విషయంలో రాజీ ఉండకూడదు.

బార్ల సంగతికి వస్తే, మహారాష్ట్ర 2005లో డాన్స్ బార్లను మూయించింది. సుప్రీంకోర్టు 2013లో ఆ నిషేధం చెల్లదంది. తర్వాత వచ్చిన చట్టంలోని పలు షరతులను 2019 జనవరిలో కొట్టేసింది. బెంగళూరులో క్యాబరేలకు, లైవ్ బ్యాండ్లకు లైసెన్సు తప్పనిసరి చేసిన 2005 నాటి ఉత్తర్వును 2018లో సమర్థించింది. మహిళల గౌరవం గురించి, వారి జీవనోపాధి గురించి కోర్టుల్లో చాలా వాదనలు జరిగాయి. నర్తకి ముప్పై అయిదో ఏట ఏం చేస్తుందన్న ప్రశ్న మాత్రం అక్కడ పెద్దగా వినిపించలేదు. కోర్టుల బయట కూడా, ముంబయి బార్లు మూతపడినప్పుడు వేలమంది ఆడవాళ్లు ఒక్కసారిగా పని పోగొట్టుకుంటేగాని ఆ ప్రశ్న బయటికి రాలేదు.

నాటకరంగం ఈ ప్రశ్నకు తనదైన జవాబు వెతుక్కుంది. కాళ్లకూరి నారాయణరావు రాసిన చింతామణి ఊరూరా ఆడిన నాటకం. అందులో వేశ్య చింతామణి ఇంటికి వచ్చే సుబ్బిశెట్టి, భవానీశంకరం, బిల్వమంగళుడు ముగ్గురూ మూడు తీర్ల మనుషులు. ముగ్గురినీ ఒకే తీరుగా ఆడించలేమని చింతామణికి తెలుసు. ఆమె తల్లి శ్రీహరికి ఇంకా బాగా తెలుసు. పడుచుతనంలో ఆ నాటకంలోని చిత్ర వేషమో చింతామణి వేషమో కట్టిన నటి, వయసు వచ్చాక శ్రీహరి వేషానికి మారేది. పాత్ర పేరు మారినా రాత్రి కూలి ఆగేది కాదు. ఒక కులాన్ని కించపరుస్తోందన్న అభ్యంతరాలతో 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈ నాటకాన్ని నిషేధించింది. ఈ వేషాల మీదే బతికిన కళాకారులకు దాంతో ఒక దారి మూసుకుపోయింది.

రికార్డింగ్ డాన్సులో అలాంటి రెండో వేషం లేదు. వయసు పైబడ్డాక కొందరు బృందం కట్టి పిల్లలకు ఆట నేర్పుతారు. కొందరు మైకు పట్టుకుని పాడటానికో, మధ్యలో హాస్యం చెప్పడానికో మళ్లుతారు. గొంతు ఉన్నవాళ్లు పౌరాణికాల్లో చంద్రమతిగా, కుంతిగా నిలదొక్కుకుంటారు. ముందు వరసలోని పెద్దలు చీటీ పంపేది వాళ్లకే. మిగిలినవాళ్లు ఇళ్లలో పనికో, మిల్లుల్లో కూలికో పోతారు. నిర్వాహకులు రాత్రి కార్యక్రమంలో పాత పాటలకు, పద్యానికి, అభినయానికి ఒక గంట విడిగా కేటాయిస్తే ఆ గంటకు డబ్బిచ్చే ప్రేక్షకులు ఇప్పటికీ ఉన్నారు.