పట్టికలో మొదటి పేరు

అమెరికాలో కుక్కలకు, పిల్లులకు అమ్ము ఆహారపు పొట్లములపై అందలి దినుసుల పేర్లను బరువు ననుసరించి, అధికము మొదలు అల్పము వరకు ముద్రింపవలెనను నియమము కలదు. మొదట 'కోడిమాంసము' అని యున్నచో మాంసమే ప్రధానమని మనము తలంతుము. కాని అది తయారీలో కలుపునప్పటి తూకము. నీటితో సహా చూచినది. పచ్చిమాంసమున దాదాపు 70 శాతము నీరే. 40 గ్రాముల మాంసమునకు 30 గ్రాముల మొక్కజొన్న కలిపిరనుకొందము. పట్టికలో మాంసమే ముందుండును. నీరు పోగా మాంసము 12 గ్రాములు, పదవవంతు తేమ గల మొక్కజొన్న 27 గ్రాములు మిగులును. ఆ ధాన్యమునే పిండి, తవుడు అని విడదీసి చూపినచో ఒక్కొక్కటి మరింత క్రిందికి జారును. ముద్రించినదంతయు సత్యమే, మనకు తోచిన అర్థమే వేరు. మూగజీవి పట్టిక చదువజాలదు. దాని పక్షమున చదువు మనము మొదటి పేరుతో ఆగక, తరువాతి నాలుగైదు పేర్లను కూడ కలిపి చూడవలెను.