ఎండలు ముదరక ముందే పిల్లలు

సంక్రాంతి బరుల సందడి సద్దుమణిగి, మామిడి పూత విరగబూసే రోజులకు పల్లెల్లో పుంజుల మాట వెనక్కి పోతుంది, పెట్టల మాట ముందుకొస్తుంది. ఏ పెట్ట గుడ్లలో ఉంది, ఏది పొదుగుకొచ్చింది, మంచి జాతి గుడ్లు ఎవరింట దొరుకుతాయి అంటూ ఇల్లాళ్ల మధ్య గోడ మీదుగా కబుర్లు నడుస్తాయి. చలి విడిచి, ఎండ ఇంకా ముదరని మాఘ ఫాల్గుణాలు పెరటి కోడికి అచ్చొచ్చే కాలం. అయితే మన దగ్గర ఈ కాలం నిడివి తక్కువ. ఆ కొద్ది వారాలను సరిగ్గా వాడుకున్న ఇంట్లో వేసవికి గంపెడు కోళ్లుంటాయి. ఆలస్యమైతే ఎండా తెగులూ కలిసి ఆ గంపను ఖాళీ చేస్తాయి.

కోడికి రుతువు తెలిసేది వెలుతురును బట్టి. కళ్లతో చూసేదే కాక, పుర్రె గుండా మెదడుకు చేరే వెలుతురును కూడా పక్షులు పసిగడతాయి. డిసెంబరు చివర హైదరాబాద్‌లో పగలు 11 గంటల చిల్లర ఉంటుంది, మార్చి చివరికి 12 గంటలు దాటుతుంది. చలిదేశాల్లో ఉన్నంత తేడా లేకపోయినా, చలికాలంలో గుడ్లు తగ్గించిన పెట్ట మళ్లీ దారిలో పడడానికి ఇది తోడ్పడుతుంది.

నాటు పెట్ట విడతకు పది పన్నెండు, మహా అయితే పదిహేను గుడ్లు పెట్టి, అక్కడితో ఆపి పొదుగుకు కూర్చుంటుంది. ఒళ్లంతా ఈకలు ఉబ్బించి, దగ్గరికెళ్తే గుర్రుమని, చెయ్యి పెడితే పొడుస్తుంది. మేతకు రోజులో ఏదో ఒకసారి లేచి, నాలుగు గింజలు మింగి, గబగబా తిరిగొస్తుంది. ఏడాది మొత్తం మీద అది పెట్టే గుడ్లు యాభై, అరవైకి మించవు. ఫారం కోడి మూడు వందలు దాటి పెడుతుంది కానీ పొదగదు, ఆ గుణాన్ని తరాల తరబడి ఏరి తీసేశారు. రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరళ్ల కోసమే తయారుచేసిన వనరాజా, గ్రామప్రియ రకాలు కూడా పొదుగు విషయంలో నమ్మదగినవి కావు. అందుకే చాలా ఊళ్లలో వనరాజా గుడ్లు తెచ్చి నాటు పెట్ట కింద పెడతారు. తక్కువ గుడ్లు పెడుతుందని నాటు పెట్టను చిన్నచూపు చూడడం తప్పు. కరెంటు, యంత్రం లేకుండా పిల్లల్ని చేసి, వాటిని సాకి సంతరించేది అదొక్కటే.

పొదగేయడంలోనే సగం ఫలితం తేలిపోతుంది. గంప అడుగున ఇసుకో బూడిదో పోసి, పైన వరిగడ్డి పరిచి, మధ్యలో కాస్త గుంట చేస్తారు. ఉరుములకు గుడ్లు మురిగిపోకుండా ఇనప ముక్క, బొగ్గు వేసే అలవాటు ఇంకా కొన్ని ఇళ్లలో ఉంది. దానికన్నా గుడ్డు వయసు చూసుకోవడం ముఖ్యం. వారం, పది రోజులు దాటిన గుడ్డులో పిల్లయ్యే సత్తా తగ్గిపోతుంది. ఎండాకాలంలో ఇంకో చిక్కుంది. పెట్ట కూర్చోకముందే, గది వేడికే గుడ్డులో పిండం కొంచెం కదిలి, ఆ తర్వాత సరైన వెచ్చదనం అందక చచ్చిపోతుంది. ఏప్రిల్ గుడ్లలో పిల్లలు తక్కువ రావడానికి ఇదొక ముఖ్య కారణం.

ఏడో రోజు రాత్రి చీకటి గదిలో గుడ్డును సెల్‌ఫోన్ లైటు మీద నిలబెట్టి చూస్తే, మంచి గుడ్డులో మధ్యన నల్లటి చుక్క, దాని చుట్టూ సాలెగూడు దారాల్లా ఎర్రటి నరాలు కనిపిస్తాయి. ఏమీ లేకుండా తేటగా వెలిగే గుడ్డు తీసేయొచ్చు. పెట్ట రోజుకు ఎన్నోసార్లు ముక్కుతో గుడ్లను తిప్పుతూనే ఉంటుంది. తిప్పకపోతే పిండం పెంకు లోపలి పొరకు అంటుకుపోతుంది. పద్దెనిమిదో రోజు దాటాక ఇక తిప్పే అవసరం ఉండదు. ఇరవయ్యో రోజుకు పెంకు లోపల్నుంచి సన్నగా కిచకిచలు వినిపిస్తాయి, పైనుంచి తల్లి క్లుక్కు క్లుక్కుమని బదులిస్తుంది. ముక్కు చివరనున్న గట్టి మొనతో పిల్ల పెంకును లోపలి నుంచి పొడుచుకుంటూ గుండ్రంగా చీల్చుకొస్తుంది. ఇందుకు గంటల కొద్దీ సమయం పడుతుంది. ఆత్రంతో పెంకు ఊడదీస్తే లోపలి పొర చిరిగి నెత్తురొస్తుంది. 21వ రోజుకు పని పూర్తి. కడుపులోకి లాక్కున్న పచ్చసొన ఉంటుంది కనుక రెండు రోజులు మేత లేకపోయినా పిల్లకు ప్రమాదం లేదు.

మొదటి వారం పిల్లకు 35 డిగ్రీల వెచ్చదనం కావాలి. తల్లి రెక్కల కింద అది దొరుకుతుంది, ఫాల్గుణపు పగళ్లు మిగతాది సర్దుతాయి. ఒంటి నిండా ఈకలు రావడానికి ఆరు వారాలు పడుతుంది. ఈలోగా గద్ద, ముంగిస, పిల్లి, కాకి కాచుక్కూర్చుంటాయి. పైన నీడ కదిలితే తల్లి ఒక రకంగా అరుస్తుంది, పిల్లలన్నీ దాని కిందికో చెట్ల కిందికో దూరిపోతాయి. పెరట్లో కరివేపాకు చెట్టో, బీరపాదు పందిరో ఉంటే ఆ నీడే వాటికి కోట.

మేతకు నూకలు, తవుడు, చోళ్లు సరిపోతాయి. ఆసియాలో వరి, చిరుధాన్యాల సాగు మొదలయ్యాక ఆ గింజల కోసం దగ్గరికొచ్చిన అడవికోళ్లే ఇంటి కోళ్లయ్యాయని 2022లో వచ్చిన పరిశోధనలు చెబుతున్నాయి. కచ్చితంగా ఇంటి కోడివని తేలిన అతి పాత ఎముకలు థాయ్‌లాండ్‌లోని ఒక వరి పల్లెలో దొరికాయి. వాటి వయసు మూడు వేల ఏళ్లకు పైనే. అయితే పసిపిల్లలకు గింజ ఒక్కటే చాలదు, మాంసకృత్తులు కావాలి. పాత కుండలో పేడ, తడిపిన గోనె ముక్క, గడ్డి కుక్కి సాయంత్రం చెదలున్న చోట బోర్లిస్తే తెల్లారేసరికి చెదపురుగులు నిండుతాయి. పైసా ఖర్చు లేని బలమైన మేత ఇది.

ఇన్ని చేసినా కొక్కెర తెగులు వస్తే రెండు మూడు రోజుల్లో గూడు ఖాళీ. పట్టణాల్లో రాణీఖేత్ వ్యాధి అంటారు. 1920ల్లో కుమావూ కొండల్లోని రాణీఖేత్‌లో బయటపడింది కనుక ఆ పేరు. పచ్చటి విరేచనాలు, ఒళ్లు ముడుచుకుని నిలబడడం, మెడ తిరిగిపోవడం దాని గుర్తులు. ఒకసారి తగిలితే మందు లేదు, ముందుగా వేసే టీకా ఒక్కటే దారి. టీకా ఏమంత ఖరీదైంది కాదు, వారం వయసు పిల్లకు కంట్లోనో ముక్కులోనో లసోటా అనే టీకా చుక్క ఒక్కటి వేయడంతో మొదలుపెట్టొచ్చు. మరి ఎందుకు వేయించరు? మందు సీసా వంద మోతాదులకు తక్కువ దొరకడం కష్టం. కలిపాక రెండు గంటల్లో వాడేయాలి. ఐసు మీద తేవాలి. పది పిల్లలున్న ఇల్లాలు దాని కోసం మండల కేంద్రానికి పరుగెత్తలేదు. ఏటా వేల ఇళ్లలో కోళ్లు పోతున్నది ఈ చిన్న చిక్కు వల్లే అనుకుంటే బాధేస్తుంది. పది ఇళ్లవాళ్లు ఒకే వారంలో పొదగేసుకుంటే ఈ చిక్కు విడిపోతుంది. పిల్లలన్నీ ఒకే వయసువి అవుతాయి, ఒక్క సీసా సరిపోతుంది. పొదుపు సంఘాల మహిళలకు ఇది కొత్తగా నేర్పాల్సిన పని కూడా కాదు.

బర్డ్ ఫ్లూ సంగతి వేరు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల ఫారాల్లో అది నిర్ధారణ అయినప్పుడు చుట్టుపక్కల పెరటి కోళ్లకూ గండమే వచ్చింది. ఒకేసారి నాలుగైదు కోళ్లు చనిపోతే కాలవలో పడేయకుండా, చేతులకు తొడుగు లేకుండా ముట్టుకోకుండా, వెంటనే పశువైద్యశాలకు చెప్పాలి.

2019 పశుగణన ప్రకారం దేశంలో పెరటి కోళ్లు దాదాపు 31.7 కోట్లు. అంతకు ముందు లెక్కతో పోలిస్తే 46 శాతం దాకా పెరిగాయి, ఫారం కోళ్ల పెరుగుదల మాత్రం 5 శాతం లోపే. ఈ పెంపకం భారం మోసేది ఎక్కువగా ఆడవాళ్లే. పిల్లల పుస్తకాలకో, ఉన్నట్టుండి వచ్చిన జ్వరానికో ఒక పుంజును అమ్మి డబ్బు చేసుకోవడానికి వాళ్లు ఎవరినీ అడగనక్కర్లేదు.

మాఘ పౌర్ణమికి పొదగేస్తే ఫాల్గుణ పౌర్ణమి లోపే పిల్లలు దిగుతాయి. రాణీఖేత్ టీకా మొదటి చుక్క ఉగాదికి ముందు పడుతుంది, నాలుగో వారంలో మళ్లీ చుక్క, ఎనిమిదో వారానికి రెక్క కింద సూది. అప్పటికి ఏప్రిల్ చివరో, మే మొదట్లోనో అవుతుంది. కోడికి చెమట పట్టదు, నోరు తెరిచి రొప్పడమే దాని చల్లదనం. కాబట్టి ఆ ఎండల్లో సూది పొద్దున్నే, గూడు తలుపు తీయకముందే వేయించాలి. వదిలేశాక నీడలో మట్టి మూకుడు నిండా నీళ్లుంచి, మధ్యాహ్నం ఒకసారి మార్చాలి.