లాకులు చిన్నవి.. బార్జీలు పెద్దవి!

మా అమ్మమ్మగారి ఊరు ఏలూరు కాలవ గట్టు మీద. చిన్నప్పుడు సెలవులకి వెళ్తే తాతయ్య లాకుల దగ్గరికి తీసుకెళ్లేవాడు. ‘వంతు వచ్చేదాకా పడవలోనే వంట, పడవలోనే పడకరా’ అంటుంటే కథలా వినేవాణ్ని.

ఇప్పుడు ఆ కాలవ జాతీయ జలమార్గం-4లో భాగం. 2008లో ప్రకటించారు. కాకినాడ నుంచి ఏలూరు, కొమ్మమూరు, బకింగ్‌హాం కాలవల మీదుగా పుదుచ్చేరి దాకా, గోదావరి, కృష్ణా నదుల్లో కొంత మేరా కలిపి అప్పట్లో 1,078 కిలోమీటర్లు. పెద్ద బార్జీల్లో సరుకు పంపాలన్నది ఆలోచన.

ఇది కొత్తేం కాదు. మద్రాసు దగ్గర 1806లో మొదలైన కాలవని 1876-78 ధాత కరువులో కూలీలకి పని కల్పిస్తూ పొడిగించారు. అప్పటి గవర్నర్ పేరే బకింగ్‌హాం. ఉప్పు, కట్టెలు పడవల మీదే మద్రాసు చేరేవి. రైళ్లు, లారీలు వచ్చాయి. తుపాన్లకి కాలవ పూడింది. పడవలు ఆగిపోయాయి.

మళ్లీ ఎందుకంటారా? ఒక హార్స్‌పవర్‌తో రోడ్డు మీద 150 కిలోలు కదిలితే, పట్టాల మీద 500, నీటి మీద 4,000 కిలోలు కదులుతాయని అంచనా. డీజిల్ ధర చూస్తుంటే ఆశ పుట్టదూ!

కానీ చిక్కు లాకుల్లో ఉంది. మా సాఫ్ట్‌వేర్‌లో సిస్టం మొత్తం వేగాన్ని అన్నిటికంటే నెమ్మదైన భాగమే నిర్ణయిస్తుంది. కాలవలోనూ అంతే. దారి ఎంత వెడల్పు చేసినా, అన్నిటికంటే ఇరుకైన లాకులో పట్టే పడవే చివరిదాకా వెళ్తుంది. లాకులు మారిస్తే వంతెనలు ఎత్తాలి. వంతెనలు ఎత్తితే వాటి రెండు వైపులా ఉన్న కొట్లు, ఇళ్లు పోతాయి. పైగా మా డెల్టా కాలవలు ముందు పొలాలవి. ఎండాకాలంలో కాలవ కట్టేస్తే బార్జీ ఎక్కడ తేలుతుంది?

ఫ్రాన్స్‌లో 1879లో ముఖ్యమైన కాలవల లాకులకి ఒకే కొలత పెట్టారు. దానికి తగ్గట్టు 350 టన్నుల దాకా మోసే పడవలు కట్టారు. అవి నేటికీ తిరుగుతున్నాయి. 4,400 టన్నుల బార్జీలు కావాలనుకున్నప్పుడు మాత్రం 107 కిలోమీటర్ల కొత్త కాలవే తవ్వుతున్నారు.

మనమూ పెద్ద బార్జీలని నదికి వదిలేద్దాం. కృష్ణలో ముక్త్యాల-విజయవాడ మధ్య 82 కిలోమీటర్లకి 2017లో శంకుస్థాపన జరిగింది కూడా. కాలవలకి మాత్రం కాలవకి తగ్గ పడవలు చాలు.

మొన్న ఈ సంగతంతా చెబితే అమ్మమ్మ ఒక్కటే అడిగింది. ‘పడవలు రానీరా, మంచిదే. మరి చేలకి నీళ్లు ఎప్పట్లాగే వదుల్తారా?’

ఏ ప్రాజెక్టు రిపోర్టయినా ముందు ఆ ప్రశ్నకి జవాబు రాయాలి. ఆ తర్వాతే బార్జీ సైజు.