ఇడ్లీ పాత్రలో పండుగప్ప

సాయంత్రం ఆరు దాటింది. పొలం నుండి ఒకరు, బడి నుండి ఒకరు, ఉద్యోగం నుండి ఒకరు ఇల్లు చేరారు. అందరికీ ఆకలే. ఆ వేళ చేపలు తెచ్చి ఇంట్లో పెడితే ఇల్లాలికి సంతోషం సగం, దిగులు సగం. మసాలా నూరాలి, చింతపండు పిసకాలి, పులుసు మరగాలి. వేపుడైతే అందరూ తిని లేచేవరకు ఆమె పొయ్యి దగ్గరే నిలబడాలి.

మా ఇంట్లో దీనికి తోడు మరొక చిక్కు ఉండేది. మామయ్యగారికి రక్తపోటు. ఉప్పు, నూనె, కారం బాగా తగ్గించాలని డాక్టరుగారు చెప్పారు. అందుకని మా అందరికీ పులుసు, ఆయనకు వేరే గిన్నెలో చప్పిడి కూర. ఆయన ముందుగా వడ్డించుకొని, వరండాలో ఒక్కరే కూర్చుని తినేసేవారు. "నా కూడు చూస్తే పిల్లలకు తినబుద్ధి కాదులేమ్మా" అనేవారు. ఆ మాట విన్నప్పుడల్లా మనసు చివుక్కుమనేది.

సింగపూరులో నర్సుగా పనిచేస్తున్న మా చెల్లెలు సెలవులకు వచ్చినప్పుడు ఈ సంగతి చూసింది. "అక్కా, అక్కడ చైనా వాళ్ళు చేపను ఆవిరి మీద ఉడికిస్తారు. పట్టుమని పది నిమిషాలు. ఇడ్లీ పాత్ర ఉంటే చాలు" అంది. అత్తయ్యగారు బుగ్గన వేలు వేసుకున్నారు. "చేపని ఇడ్లీలా ఉడకబెడతారా? మరి నీచు ఎలా పోతుందమ్మాయ్?"

నీచు ఎందుకు వస్తుంది?

అత్తయ్యగారి ప్రశ్న మంచిదే. చేప నిలవ ఉన్నకొద్దీ దాని కండలో ఒక రకమైన క్షారగుణం గల పదార్థం పుడుతుంది. నీచు వాసన ముఖ్యంగా దానిదే. పులుపు తగిలితే ఆ వాసన అణగిపోతుంది. మన పెద్దలు చేపకు చింతపండు జత చేసింది రుచి కోసమే కాదన్నమాట. దక్షిణ చైనాలోని కాంటన్ ప్రాంతం వారు అల్లం, ఉల్లికాడలు వాడతారు. ఉడికేటప్పుడు పళ్ళెంలో ఊరిన నీటిని పారబోస్తారు. నీచు చాలావరకు ఆ నీటితోనే పోతుంది.

అయితే ఏ ఉపాయమైనా తాజా చేపకే. మొప్పలు ఎర్రగా, కళ్ళు ఉబ్బుగా, మెరుపుగా ఉండాలి. వేలితో నొక్కితే కండ వెంటనే పైకి లేవాలి. కొన్న చేపను ఎండాకాలంలో గంటకు మించి బయట ఉంచవద్దు.

ఏ చేప మంచిది?

కానాగంతలు, కవళ్ళు వంటి వాటి కండలోనే నూనె ఎక్కువ. అవి పులుసుకు, వేపుడుకు బాగుంటాయి. ఆవిరికి నూనె తక్కువగల తెల్లకండ చేప కావాలి. చేప కండలో పీచులు పొట్టివి. వాటిని పట్టి ఉంచే పొర కొద్ది వేడికే కరిగిపోతుంది. మాంసానికి గంట పడితే చేపకు పది నిమిషాలు చాలడానికి కారణం ఇదే.

ఈ వంటకు మన పండుగప్పను మించినది లేదు. సముద్రం, నది కలిసే చోట పుట్టి, ఉప్పునీటిలోనూ మంచినీటిలోనూ పెరిగే చేప ఇది. కలకత్తాలో దీన్నే బెట్కీ అంటారు. థాయిలాండు వారు దీన్నే నిమ్మరసం, వెల్లుల్లితో ఆవిరి మీద వండుతారు. చందువ, కొర్రమేను కూడా బాగుంటాయి. కైకలూరు, ఆకివీడు చెరువుల్లో పెరిగే శీలావతి, బొచ్చెలతోనూ చేయవచ్చు గాని, వాటి కండ మధ్య చీలిన సన్నముళ్ళు ఉంటాయి. పిల్లలకు పొట్టముక్కలే పెట్టండి.

కావలసినవి (ఐదుగురికి)

చేప ముక్కలు, అంగుళం మందం – 750 గ్రాములు
అల్లం – 2 అంగుళాల ముక్క
ఉల్లికాడలు – 6
సోయా సాస్ – 2 పెద్ద చెంచాలు
నీళ్ళు – 2 పెద్ద చెంచాలు
పంచదార – 1 టీ చెంచా
నిమ్మరసం – 1 టీ చెంచా
మిరియాల పొడి – పావు టీ చెంచా
నువ్వుల నూనె – 2 పెద్ద చెంచాలు
ఉప్పు వేయకూడదు.

చేసే విధం

1. ముందుగా ఒక పొయ్యి మీద అన్నం పడేయండి. రెండవ పొయ్యి మీద ఇడ్లీ పాత్రలో రెండు గ్లాసుల నీళ్ళు పోసి, లోపల చిన్న స్టాండు గాని, బోర్లించిన గిన్నె గాని పెట్టి మరిగించండి.

2. ముక్కలను నిమ్మరసం కలిపిన నీటితో కడిగి, తడి లేకుండా తుడవండి. స్టీలు పళ్ళెంలో సగం ఉల్లికాడలు పరచి, వాటిపై ముక్కలను ఒకదానిపై ఒకటి పడకుండా పేర్చండి. సగం అల్లాన్ని పలుచని బిళ్ళలుగా కోసి పైన వేయండి.

3. ఆవిరి బాగా వచ్చిన తరువాతే పళ్ళెం లోపల పెట్టండి. మూతకు పలుచని గుడ్డ కడితే నీటిచుక్కలు చేపపై పడవు. 8 నుండి 10 నిమిషాలు చాలు. కత్తి మొనతో కదిపితే కండ రేకులుగా విడిపోవాలి, లోపల కూడా పాలలా తెల్లగా ఉండాలి. గాజులా కనబడితే ఇంకా రెండు నిమిషాలు ఉంచండి.

4. పళ్ళెంలో ఊరిన నీటిని వంపేయండి. సోయా సాస్, నీళ్ళు, పంచదార కలిపి కొద్దిగా వేడిచేసి, దించి నిమ్మరసం కలిపి ముక్కలపై పోయండి.

5. మిగిలిన అల్లం, ఉల్లికాడలను సన్నగా పొడుగ్గా తరిగి, మిరియాల పొడితో సహా పైన చల్లండి. నూనెను పొగ వచ్చేలా కాచి వాటిపై పోయండి. "చుయ్"మన్న ఆ చప్పుడుకే పిల్లలు వంటింట్లోకి పరుగెత్తుకు వస్తారు.

అక్కడివారు వాడే నువ్వుల నూనె వేయించిన నువ్వులది. ఆ వాసన కావాలంటే చెంచాడు నువ్వులు దోరగా వేయించి, కచ్చాపచ్చాగా నలిపి చల్లండి.

నేను చేసిన పొరపాటు

మొదటిసారి వండినప్పుడు అలవాటు కొద్దీ ముక్కలకు ఉప్పు పట్టించాను. ఆపైన సోయా సాస్‌ను సీసాతోనే వంపేశాను. మామయ్యగారు ఏమీ అనలేదు. రెండు గ్లాసుల మంచినీళ్ళు తాగి లేచారు. నేను ముద్ద నోట పెట్టుకున్నాక గాని తెలియలేదు, అది ఎంత ఉప్పో! ఆయన ఆరోగ్యం కోసమని చేసి, ఆయనకు పడనిదే పెట్టాను.

సోయా చిక్కుళ్ళను, గోధుమలను ఉప్పునీటిలో నెలల తరబడి పులియబెట్టి తీసేదే సోయా సాస్. ఒక పెద్ద చెంచాలో సుమారు 900 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది, అంటే రెండు గ్రాములకు పైగా ఉప్పు. పెద్దవారు రోజంతటికీ తినే ఉప్పు 5 గ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. పై కొలతతో వండితే ఒక్కొక్కరికి వచ్చేది గ్రాముకు లోపే. కొలవకుండా పోస్తే లెక్క తప్పుతుంది. గోధుమ పడనివారు దీన్ని వాడకూడదు.

మరి రక్తపోటు ఉన్నవారి మాట? చెల్లెలు థాయిలాండు పద్ధతి చెప్పింది. ఎనిమిది వెల్లుల్లి రెబ్బలు, గుప్పెడు కొత్తిమీర సన్నగా తరగండి. మూడు చెంచాల వేడినీటిలో టీ చెంచా పంచదార కరిగించి, అవి కలిపి, రెండు నిమ్మకాయల రసం పిండండి. అక్కడివారు ఇందులో ఉప్పగా ఉండే చేప రసం పోస్తారు, మనం మానేద్దాం. కారం తినేవారు రెండు పచ్చిమిరపకాయలు వేసుకోవచ్చు. నిమ్మరసాన్ని మాత్రం మరిగించవద్దు, చేదెక్కుతుంది.

ఇప్పుడు మా ఇంట్లో చేప ఒకటే పళ్ళెంలో ఉడుకుతుంది. సాస్‌లు మాత్రం రెండు గిన్నెల్లో, ఎవరికి కావలసింది వారు పోసుకుంటారు. అన్నం వార్చేలోగా కూర సిద్ధం. పొయ్యి కట్టేసి నేనూ వారితో కూర్చుంటాను.

ఆ రాత్రి అత్తయ్యగారు రెండు గిన్నెలూ రుచి చూసి, నిమ్మకాయ గిన్నెను తన వైపు లాక్కున్నారు. మా చిన్నవాడు అది చూసి, "నాకూ తాతయ్య తినేదే కావాలి" అన్నాడు. మామయ్యగారు వరండాలోని పీటను తనే లోపలికి తెచ్చి వేసుకున్నారు. ఆ పీట మళ్ళీ బయటికి వెళ్ళలేదు.